తవిటమ్మ అత్త మొదటి పేరు

సింగపూర్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి మా ప్రెస్సుకి శుభలేఖల కోసం వచ్చేవాళ్లందరిదీ ఒకటే గొడవ. సింహం నోట్లోంచి నీళ్లు పడతాయట కదా చూశావా, మూడు మేడల నెత్తిన పడవ కట్టారట కదా ఎక్కావా అని. లేదు మహానుభావా, రెండూ చూడలేదు. నేను చూసి వచ్చింది ఒక్క అక్షరం. టిక్కెట్టూ వీసా అన్నీ పెట్టుకుని అంత దూరం పోయి ఒక్క అక్షరమా అని మా కంపోజర్ నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ముప్పై ఏళ్లుగా విజయనగరంలో అక్షరాలు అచ్చేసుకుని బతుకుతున్నదాన్ని, అలాంటి అక్షరం నాకు ఇదివరకెప్పుడూ తగల్లేదు.

ముందు మా తవిటమ్మ అత్త సంగతి చెప్పాలి. మా తాత తమ్ముడు మలయా కొబ్బరితోటల్లో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆయనకి పుట్టిన పిల్లలు దక్కేవారు కాదు. ఒక్క ఆడపిల్ల మిగిలింది. ఆ పిల్లకి తోడుగా, తోట పక్కనే కూరగాయలు పండించే చీనావాళ్ల ఇంటి నుంచి నెలల బిడ్డను తెచ్చి పెంచుకున్నారు. ఆ బిడ్డ పుట్టిన వేళ తండ్రికి పడదని ఎవరో జాతకం చెప్పారట. ఆ రోజుల్లో అక్కడ ఇదేం వింత కాదు, చీనా ఆడపిల్లలు చాలామంది మనవాళ్ల ఇళ్లల్లో పెరిగారు. ఇక మన వైపు పిల్లలు దక్కని తల్లి ఏం చేస్తుందో మీకు తెలుసు. గుప్పెడు తవుడు ఇచ్చి బిడ్డను కొన్నట్టు చేసి, తవిటమ్మ అనో తవిటయ్య అనో పేరు పెడుతుంది, అంత చవక సరుకు జోలికి చావు రాదని. ఆయన భార్య, మా చిన్న నాయనమ్మ కూడా ఆ చీనా తల్లి చేతుల్లో చేటెడు తవుడు పోసి మరీ బిడ్డను అందుకుంది. అలా తయారైంది మా అత్త. చీనా ముఖం, నుదుట రూపాయి కాసంత బొట్టు, నోరు తెరిస్తే అచ్చం గజపతినగరం సంత.

నిరుడు ఒక పెళ్లిలో పాత తోటవాళ్లెవరో కలిసి, అత్త తోడబుట్టిన అన్న మలేషియాలోని ఈపోలో ఉన్నాడని కబురు మోశారు. ఆయనకీ ఈవిడ కబురు అందింది. ఆయన మనవరాలు అత్త కూతురు గౌరికి ఫోన్ చేసింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, చివరి రోజుల్లో సింగపూర్‌లో చిన్నకొడుకు దగ్గర ఉండడంతో అస్థికలు అక్కడి బిషాన్ మందిరంలోనే ఉన్నాయి, ఏటా ఏప్రిల్‌లో పెద్దల పండక్కి తాతయ్య వస్తాడు, అక్కడే కలుద్దాం అంది. ఆ తర్వాత మెసేజ్‌లో ఒక్క అక్షరం పంపింది. మీ అమ్మగారికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఇదట.

安

అత్త వెంటనే నాకు ఫోన్ చేసింది. "ఒలే రాజ్యం, నువ్వోపాలి రాయే. అక్షరాలోలు గదా మీరు, నాకా అక్షరం నేర్పాల" అంది. నాకు చీనా రాదత్తా అంటే తనకీ రాదని, ఇద్దరం కలిసి నేర్చుకుందామని. అసలు కారణం తర్వాత చెప్పింది. "అటేపు పుట్టింటోలు ఉంతారు. నా ఎనకాల కూడా నా పుట్టింటోలు ఒకలుండాల గదే." మేమే కదా ఆవిడ పుట్టింటివాళ్లం. ఆ మాట అన్నాక ఆగడానికి నేనెవర్ని? ఒక నేతచీర, పసుపు, కుంకుమ, కిలో మామిడి తాండ్ర సర్దుకుని విమానం ఎక్కాను.

ఆంగ్ మో కియో

పెళ్లయ్యాక సింగపూర్ చేరిన అత్త ఉండేది ఆంగ్ మో కియోలో, ఒక మేడ పన్నెండో అంతస్తులో. కారిడార్ నిండా కుండీలు, కరివేపాకు, తమలపాకు, పక్కింటి చీనావాళ్ల ధూపం, ఆ పక్కింటి మలాయ్ వాళ్ల బిర్యానీ వాసన. గుమ్మానికి ఎవరి తోరణం వాళ్లది. అంతమంది ఒక మేడలో ఉండి ఇంత నిశ్శబ్దంగా ఎలా బతుకుతారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. మా వీధిలో ఇద్దరు కుళాయి దగ్గర నిలబడితే నాలుగో వీధికి వినపడుతుంది.

చేరిన పూట అత్త చేపల పులుసు పెట్టింది. చింతపండు మనదే, అందులో నిమ్మగడ్డి వాళ్లది. మొదటి ముద్దకి ముఖం చిట్లించి, మూడో ముద్దకి ఇంకాస్త వేయమన్నాను. తింటున్నంతసేపూ అత్త తన మనసులో మాట చెబుతూనే ఉంది. అస్థికల గూటికి చలువరాతి మూత ఉంటుందట, దాని మీద తల్లిదండ్రుల పేర్లు, కింద పిల్లల పేర్లు చెక్కుతారట. ఇచ్చేసిన పిల్ల పేరు చెక్కుతారో లేదో ఆవిడకి తెలియదు. అన్ననీ, ఆ మనవరాలినీ ఎవర్నీ అడగలేదు.

"ఉంటే నానే సూసి పోల్చుకోవాల. ఇదిగో ఇదీ అని ఎవులూ ఏలెట్టి సూపించకూడదు" అంది. లేకపోతే ఏం చేస్తావత్తా అన్నాను. "నేకపోతే దండం ఎట్టుకుని ఒచ్చీడమే. నన్నిచ్చీసినాక ఒక్కపాలైనా సూడ్డానికి రానేదు. ఇక రాయి మీద రాయిస్తాదేటి?" అని కంచం తీసుకుని లేచిపోయింది. ఇన్నేళ్ల కోపం అది, పైకి మాత్రం పులుసులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది.

మర్నాడు పొద్దున్న కింద హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లింది. ఒకే కప్పు కింద యాభై వంటశాలలు, మధ్యలో బల్లలు. ఒక బల్ల మీద ఎవరో రుమాలు కాగితాల పొట్లం మరిచిపోయారు. పోనీలే అని సంచిలో వేసుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో ఒక పెద్దావిడ పళ్లెంతో వచ్చి నా వంక, బల్ల వంక చూస్తోంది. అత్త తల బాదుకుంది. ఆ పొట్లం పెట్టడమంటే ఈ బల్ల నాది అని, దాన్ని ఇక్కడ 'చోప్' అంటారట. సిగ్గుతో పొట్లం తిరిగిచ్చాను. తర్వాత ఆలోచిస్తే ఇదేం కొత్త అనిపించింది. మనం బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసరమూ? తేడా ఏమిటంటే మన రుమాలు తీసి కింద పారేసి కూర్చునేవాడు ఉంటాడు, తర్వాత యుద్ధం ఉంటుంది. ఇక్కడ ఆ కాగితం పొట్లాన్ని అందరూ మన్నిస్తారు. నాకు ముచ్చటేసింది. కాఫీ ఒక డాలరు నలభై సెంట్లు, అంటే మన లెక్కలో దగ్గర దగ్గర వంద రూపాయలు. లెక్క కట్టడం ఆపితే గానీ రుచి తెలియలేదు.

లిమ్ అంకుల్ అక్కడికే వస్తాడు. అత్త మేడలోనే ఐదో అంతస్తు, రిటైరైన చీనా మాస్టారు. అత్తా ఆయనా మలాయ్‌లో మాట్లాడుకుంటారు, నాతో ఇంగ్లీషు. ఆయన జేబులోంచి కలం తీసి రుమాలు కాగితం మీద 安 రాశాడు. పైన చుక్క, దాని కింద రెండు వైపులా దిగిన గీత, అది ఇంటి కప్పు. కప్పు కింద కాళ్లు మడిచి కూర్చున్న ఆడమనిషి. ఇంట్లో ఆడది ఉంటే నెమ్మది, అందుకని ఈ అక్షరానికి శాంతి, క్షేమం అని అర్థం. తన హొక్కియెన్ భాషలోనూ, బడిలో నేర్పే మాండరిన్‌లోనూ 'ఆన్' అంటారట. కాంటనీస్ వాళ్లు మాత్రం 'ఒన్' అంటారు. అత్తవాళ్లది ఏ శాఖో అత్తకే తెలియదు.

అర్థం ఒకటే ఉండి పలుకు ఎలా మారుతుందని నేను వాదనకి దిగాను. మనకి ప అని రాస్తే పాడేరులోనైనా పలాసలోనైనా పకారమే. ఆయన ఓపిగ్గా 5 అంకె రాసి, దీన్ని మీరేమంటారు అన్నాడు. ఐదు అన్నాను. మా ఎదురింటి తమిళులు అంజు అంటారు, హిందీవాళ్లు పాంచ్ అంటారు, అంకె మాత్రం మారలేదు కదా అన్నాడు. ఇంత సులువుగా నాకు ఎవరూ ఏదీ చెప్పలేదు. మా బడిలో ఇలాంటి మాస్టారు ఒక్కరుంటే నేను లెక్కల్లో తప్పేదాన్ని కాదు.

పాత పుస్తకాల్లో ఇదే అక్షరం వాక్యం మొదట్లో వస్తే 'ఎక్కడ?' అని ప్రశ్నట. అది విని అత్త నవ్వలేదు. కాగితం మడిచి జాకెట్లో దోపుకుంది. ఆ సాయంత్రం నుంచి వంటింట్లో పళ్లెంలో బియ్యం పరిచి, మన అక్షరాభ్యాసం లాగానే, ముందు చుక్క, తర్వాత కప్పు, తర్వాత ఆడమనిషి, వేలితో దిద్దడమే పని. డెబ్బై దాటిన మనిషి. నేను పక్కన కూర్చుని వంకర పోయిన గీతలు సరిచేస్తున్నాను, నాకేదో వచ్చినట్టు.

సెంగ్‌కాంగ్

గౌరి ఇల్లు సెంగ్‌కాంగ్‌లో. ఆంగ్ మో కియో వైపు నుంచి వెళ్తుంటే రైల్లో ఒక సరదా జరిగింది. అత్త నాతో కంఠమెత్తి వంకాయల ధర మీద ధ్వజమెత్తుతోంది. ఎదురు సీట్లో షిప్‌యార్డ్ పనివాడు, ముప్పై ఏళ్లుంటాయి, కునికిపాట్లు పడుతున్నవాడు ఉలిక్కిపడి లేచాడు. అత్త ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, మళ్లీ అత్త ముఖం. టెక్కలి వాడట. ఈ చైనా ఆవిడకి తెలుగు మీరు నేర్పారా అని నన్ను మెల్లిగా అడిగాడు. అత్త విని, "నాకు అది నేర్పడమేటి బాబూ, దానికే నాను నేర్పాల" అంది. దిగేటప్పుడు ఆ అబ్బాయి వంగి ఆవిడ కాళ్లకి దండం పెట్టాడు. ఇంటి మాట విని ఎంత కాలమైందో పాపం.

గౌరి కూతురు మీనా బడిలో జపనీస్ నేర్చుకుంటోంది, ఖాళీ దొరికితే కొరియా సీరియల్సు. మనం తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో చెబుతుంది. అమ్మమ్మ అక్షరం చూపిస్తే "దిస్ వన్ ఈజీ లా" అని ఒక్కసారిగా లేచింది. కొరియావాళ్లు ఎదురుపడితే 'అన్న్యోంగ్' అంటారే, అందులో మొదటి భాగం ఇదేనట, క్షేమమా అని అడగడమట. గోళ్లకి రంగులేసే దుకాణంలో వియత్నాం అమ్మాయి పేరు 'అన్', అదీ ఇదే అక్షరమట, ఇప్పుడు వాళ్లు ఇంగ్లీషు లిపిలో రాసుకుంటున్నా సరే. జపాన్‌వాళ్లయితే ఈ అక్షరాన్ని గబగబా రాసీ రాసీ, కలిపి రాతలో కరిగించి, చివరికి తమ అక్షరమాలలో మొదటి అక్షరం 'అ' చేసుకున్నారట. మీనా రెండూ పక్కపక్కన రాసి చూపించింది. కప్పు వంగింది, ఆడమనిషి గుండ్రమైంది, あ అయింది. ఇన్నేళ్లు అక్షరాల మధ్య బతికి, అక్షరానికి అక్షరం పుట్టడం నేను అప్పుడే చూశాను.

తర్వాత మీనా మమ్మల్ని మాల్‌లో జపాన్ సరుకుల దుకాణానికి తీసుకెళ్లింది. అక్కడ గిన్నెల మీద, చీపుళ్ల మీద పెద్ద ఎర్ర చీటీలు. ప్రతి చీటీ మీదా అత్త పేరే. అత్త ముఖం వెలిగిపోయింది, తనంతట తాను పోల్చుకున్న మొదటిసారి కదా. ఇదేమిటి మీనా, గిన్నెకి క్షేమం ఏమిటి అన్నాను. పిల్ల కాస్త నసిగింది. జపనీస్‌లో దీన్ని 'యసుయి' అని కూడా చదువుతారట, అప్పుడు చవక అని అర్థమట. గౌరి కూతురి వంక ఉరిమి చూసింది. నేను వెళ్లిపోదాం పదండి అనబోయాను.

అత్త మాత్రం చీపురు చేతిలో పట్టుకుని పడీ పడీ నవ్వింది. "ఆడు సరిగ్గానే రాసినాడే. నన్ను తవుడుకే గదా కొన్నారు" అంది. ఆ చీపురు కొనుక్కుని మరీ ఇంటికొచ్చింది, రెండు డాలర్లు.

బిషాన్

పండగ రోజున అత్త ఇంట్లో నిలవలేకపోయింది. పదింటికి రమ్మంటే తొమ్మిది కాకుండానే నన్ను లాక్కుని బయల్దేరింది. నేను తెచ్చిన ఆకుపచ్చ నేతచీర కట్టుకుంది. గౌరి, మీనా తర్వాత వస్తామన్నారు.

అస్థికల మందిరం నాలుగైదు అంతస్తులు. లోపల గోడల నిండా బ్యాంకు లాకర్లలాగా గూళ్లు, ప్రతి గూటి మూత మీదా ఫొటో, పేర్లు. జనం కిటకిట. నారింజలు, వేయించిన కోడి, అన్నం, టీ తెచ్చి పెడుతున్నారు. కాగితంతో చేసిన చొక్కాలు, చెప్పులు, సెల్‌ఫోన్లు తగలబెట్టి పెద్దలకి పంపుతున్నారు. ఫోన్‌తో పాటు కాగితం ఛార్జరు కూడా ఉండడం చూసి నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది. మనం పిండం పెట్టి కాకిని బతిమాలుకుంటాం, కాకి రాకపోతే పోయినవాళ్లకి ఏం కోపమొచ్చిందో అని హడలిపోతాం. వీళ్లు పిల్లా జెల్లాతో వచ్చి, పెద్దల ఎదుటే కబుర్లు చెప్పుకుని, నారింజలు ఒలుచుకు తిని వెళ్తున్నారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

లిఫ్టులో అత్త నా చెయ్యి పట్టుకుంది.

మూడో అంతస్తులో తెల్ల చొక్కా వేసుకున్న సన్నటి ముసలాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఎవరూ చెప్పక్కర్లేదు, అవే చెవులు, అదే నడుం మీద చెయ్యి. మమ్మల్ని అంత పొద్దున్నే చూసి కంగారుపడి చేతిసంచి వెనక్కి పెట్టుకున్నాడు. కౌగిలింతలూ ఏడుపులూ ఏమీ లేవు. ఆయన మలాయ్‌లో, "మాకాన్ అయిందా?" అన్నాడు, తిన్నావా అని. ఇంకా లేదంది అత్త. ఒక బతుకు బతికాక కలిసిన అన్నాచెల్లెళ్ల మొదటి మాటలు అవీ.

గూటి మూత మీద తండ్రి ఫొటో, తల్లి ఫొటో. తల్లిది అచ్చం అత్త ముఖమే, బొట్టు లేదంతే. అన్నగారు ఏదో చెప్పబోతే అత్త చెయ్యెత్తి ఆపేసింది. కళ్లద్దాలు తుడుచుకుంది. పెద్ద అక్షరాలు వదిలేసి, కింద వరసలో ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటే జరుపుకుంటూ వెళ్లింది. నాకు అప్పటికే కనిపించింది, అయినా నోరు మెదపలేదు, ఎవరూ చూపించకూడదంది కదా.

చుక్క. కప్పు. కప్పు కింద ఆడమనిషి.

అత్త వేలు అక్కడ ఆగింది. తిరిగి నా వంక చూసిన ఆ ముఖం నేను చచ్చేదాకా మరిచిపోను. మొత్తం ముగ్గురు పిల్లల పేర్లు. అన్నది, సింగపూర్ వదిలి ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్న తమ్ముడిది ఎర్ర రంగు. అత్త పేరొక్కటే బంగారు రంగు.

"సూసావేటే రాజ్యం, ఆలకి ఎరుపేసి నాకు బంగారం ఏయించినాది మాయమ్మ" అంది. ఆడపిల్లంటే ఆ మాత్రం ఉండదేమిటత్తా అని నేనూ పొంగిపోయాను. మనకి అంతే కదా, శుభలేఖలో పెళ్లికూతురి పేరుకే బంగారు సిరా వాడతాం, నేనే వందలసార్లు అచ్చేశాను. ఫోన్ తీసి ఫొటో కూడా తీశాను. సిగ్గులేకపోతే సరి.

అన్నగారు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత మలాయ్‌లో, నెమ్మదిగా, నాలుగు మాటలు చెప్పాడు. అత్త వేలు రాయి మీంచి కిందికి జారింది. ఏమన్నాడత్తా అని రెండుసార్లు అడిగాను.

"ఎరుపు బతికున్నోలకంట" అంది. "బంగారం పోయినోలకంట."

తర్వాత ఆయన చెబుతూ పోయాడు, అత్త ముక్క ముక్కలుగా నాకు చెప్పింది. పిల్లను ఇచ్చాక వేరే ఊరు వెళ్లిపోయిన ఆ తల్లి, నాలుగేళ్లకి కొత్త గౌను కుట్టి పట్టుకుని, చూడ్డానికి వెళ్లిందట. ఆ ఏడే మా చిన్న నాయనమ్మ కన్నకూతురు జ్వరంతో పోయింది. ఆ దుఃఖంలో వాళ్లు వేరే తోటకి మారిపోయారు. ఇల్లు ఖాళీగా ఉంది. ఇరుగుపొరుగుని అడిగితే, ఆ ఇంటి ఆడపిల్ల పోయిందమ్మా, తల్లిదండ్రులు ఉండలేక వెళ్లిపోయారు అన్నారు. తన బిడ్డే అనుకుంది. గౌను అక్కడే పాతి వచ్చిందట. అప్పట్నుంచి ప్రతి పండక్కీ ఒక గిన్నెడు అన్నం విడిగా తీసి పెట్టేది. తండ్రి పోయి రాయి చెక్కించేటప్పుడు, పరాయివాళ్లకి ఇచ్చిన, పైగా చిన్నప్పుడే పోయిన పిల్ల పేరు ఎవరూ వేయించరని అందరూ చెప్పినా వినలేదట. నాకు ముగ్గురు పిల్లలు, ముగ్గురినీ చెక్కండి అని కూర్చుందట.

పండగ రోజుల్లో తప్ప రాతిని ముట్టుకోకూడదు, అందుకే అన్నగారు ఇంతకాలం ఆగాడు. మేము వచ్చేలోగా రంగు మార్చేద్దామని, అత్త కంటపడకుండానే పని అయిపోవాలని, ఆఫీసులో అడిగి పొద్దున్నే వచ్చాడు. మేము ఇంకా ముందు ఊడిపడ్డాం.

నేను భుజం మీద చెయ్యి వేస్తే అక్కర్లేదన్నట్టు తల ఊపింది. "రానేదని తిట్టుకున్నాను రాజ్యం. ఒచ్చినాదంట" అంది. అప్పుడు ఏడ్చింది, చీర కొంగు నోట్లో కుక్కుకుని. నేనూ ఏడ్చాను. పక్క గూటి దగ్గర నారింజలు తింటున్న కుటుంబంవాళ్లు ఏమీ అడక్కుండా మా చేతికి కాగితం రుమాళ్ల పొట్లం అందించి అటు తిరిగిపోయారు.

అన్నగారు సంచిలోంచి చిన్న ఎర్రరంగు డబ్బా, సన్నటి కుంచె తీశాడు. అత్త కుంచె అడిగి తీసుకుంది. ముందు చుక్క పెట్టింది. తర్వాత కప్పు గీసింది. తర్వాత కప్పు కింద ఆడమనిషిని తీరుబడిగా, ఒక్క గీతా వంకర పోకుండా దిద్దింది. నేను సరిచేయాల్సిందేమీ లేదు. బంగారం పూర్తిగా కప్పబడిపోయి, మూడు పేర్లూ ఒకే రంగులోకి వచ్చాయి.

అగరొత్తులు వెలిగించి, టీ పోసి, అన్నగారు ఫొటో వంక చూస్తూ గట్టిగా ఏదో అన్నాడు. అందులో 'ఆ ఒన్' అన్న మాట వినపడింది, లిమ్ అంకుల్ చెప్పిన కాంటనీస్ పలుకు. ఏమన్నావని అత్త అడిగింది. ఎవరు వచ్చారో పెద్దలకి చెప్పాలట, అప్పుడే వాళ్లు భోజనానికి కూర్చుంటారట. అమ్మ ముద్దుగా 'ఆ' చేర్చి పిలిచినట్టే చెప్పాను, 'ఆ ఒన్' వచ్చింది అని, అన్నాడు.

అత్త కొంగు సర్దుకుని ఫొటోకి దగ్గరగా జరిగింది. ఆవిడకి తల్లి భాష రాదు. వచ్చిన భాషలోనే చెప్పింది.

"ఒచ్చీసినానమ్మా. ఆలీసమైపోనాది. తిట్టకమ్మా."